ఇంటి కంప్యూటరు: దోషాన్వేషణ చరిత్ర



పిల్లల చదువునకు, పింఛను కాగితములకు, భూమి పత్రములకు, దూరదేశముననున్న కొడుకుతో ముచ్చటించుటకు మన గ్రామములలో ననేక గృహములందు కంప్యూటరు ప్రవేశించినది. అది పని చేయుచు చేయుచు హఠాత్తుగా నిలిచిపోయినప్పుడు "ఏమైనది?" అని యడుగువారు తక్కువ, "ఎవరు ముట్టిరి?" అని యడుగువారే యెక్కువ. దానికి దొరకు ప్రత్యుత్తరము తఱచుగా ఇంటి పెద్దవాని పేరే. "తాతగారు ఏదో నొక్కియుందురు" అని పిల్లలు తేల్చివేయుదురు. తాతగారును, తన వ్రేలివలన నేమి యనర్థము జరిగెనో యని శంకించి, ఆ దినము మొదలు ఆ గదిలోనికి బోవుటయే మానుకొందురు.

ఈ నింద యెంతవఱకు న్యాయము? తగవులు తీర్చి తల నెరసిన మీకు నేను వేఱుగ చెప్పవలసినది లేదు. సాక్ష్యము వినక తీర్పు చెప్పరాదు. కంప్యూటరు పుట్టి దాదాపు ఎనుబది సంవత్సరములైనది. ఆ కాలమంతయు నది కూలుచునే యున్నది. ఏల కూలెనో వెదకువారు వెదకుచునే యున్నారు. ఆ వెదకులాటలో పెక్కు పర్యాయములు నిందపడినవాడొకడు, నేరము చేసినవాడు వేఱొకడు. ఆ వృత్తాంతములలో ముఖ్యమైనవి కొన్ని నేడు మీకు విన్నవించెదను. యంత్రము పని నడుమ నాగిపోవుటను ఇంగ్లీషు వాడుకలో క్రాష్ అందురు. నేను కూలుట యనియే చెప్పుదును.

మొదటి తరపు మహాయంత్రములలో ఎనియాక్ ప్రసిద్ధము. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందు, ఎకర్ట్, మాక్లీ అను నిరువురి నాయకత్వమున నిర్మింపబడి 1946 ఫిబ్రవరిలో లోకమునకు చూపబడెను. బరువు సుమారు 30 టన్నులు. పాతకాలపు రేడియో పెట్టెలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజు వాల్వులను మీరు చూచియుందురు. అట్టివి ఆ యంత్రములో సుమారు 18,000 ఉండెను. నాలుగైదు వాల్వులు గల రేడియోయే అప్పుడప్పుడు మూగపోవుచుండగా, పదునెనిమిది వేలు గల యంత్రము ఒక పూటయైన నిలుచునా యని ఆ కాలపు ఇంజనీర్లే సందేహించిరి. ఎకర్ట్ వాల్వులకు వాని శక్తికంటె తక్కువ విద్యుత్తు నిచ్చి నడిపించెను. పిమ్మట వేఱొక సంగతి గమనింపబడెను. వాల్వులు నడచుచుండగా చచ్చుట తక్కువ; యంత్రము వేడెక్కునప్పుడును చల్లారునప్పుడును చచ్చుట యెక్కువ. కావున యంత్రము నార్పుటయే మానివేసిరి. అంతట రెండు దినములకొక వాల్వు చొప్పున మాత్రమే పోవు స్థితి యేర్పడెను. 1954లో అది 116 గంటలు ఎడతెగక నడచినది. అంతకు మించి యెన్నడును నడువలేదు.

ఆ చచ్చిన వాల్వు పదునెనిమిది వేలలో నేదియో కనిపెట్టుట యెట్లు? యంత్రమునకు లెక్కలు బోధించుటకై నియమింపబడిన ఆఱుగురు యువతులు దాని చిత్రపటములను చదివి చదివి, తప్పు వచ్చిన తీరును బట్టి, దోషము దాదాపు ఏ వాల్వులో నున్నదో చెప్పగల నేర్పు సంపాదించిరి. వారి పేర్లు కే మక్నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలస్, రూత్ లిక్టర్మన్. యంత్రము లోకమునకు చూపబడిన నాడు వీరి పేరెత్తినవారు లేరు. అనేక దశాబ్దముల తరువాతగాని వీరికి గౌరవము దక్కలేదు.

1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయమందలి మార్క్ రెండు అను యంత్రము తప్పులు చూపసాగెను. అందు లెక్కలు నడుపునవి రిలేలు, అనగా విద్యుత్తు తగిలినప్పుడు టకటక కలిసి విడిపోవు లోహపు మీటలు. పనివారు వెదకగా, ఎఫ్ అను పలకలో 70వ రిలే నడుమ నొక దీపపు పురుగు నలిగి చచ్చియుండెను. వారు దానిని తీసి, దినచర్య పుస్తకమున నంటించి, గంట వేసి వ్రాసి పెట్టిరి. ఆ పుటయు, ఆ పురుగును వాషింగ్టనులోని స్మిత్సోనియను ప్రదర్శనశాలవారి యొద్ద భద్రపఱుపబడినవి. గ్రేస్ హాపర్ అను విదుషి ఈ కథను పలుమాఱులు చెప్పి వ్యాపింపజేయుటచే పురుగును పట్టినది ఆమెయే యని లోకులు తలంచిరి. అది నిజము కాదు. యంత్రదోషమును బగ్, అనగా పురుగు, అనుట ఆనాడే మొదలైనదని మఱియొక వాడుక గలదు. అదియు సరికాదు, ఎడిసన్ తన లేఖలో 1878లోనే ఆ మాట ఆ యర్థమున వాడియున్నాడు. గ్రంథములను తొలుచు పురుగును మనవారు రామబాణ మనిరి. తాళపత్రపు కట్ట విప్పి, శ్లోకమధ్యమున రంధ్రము చూచి నిట్టూర్చినవారికి ఆ హార్వర్డు పనివారి మనస్సు చక్కగా తెలియును.

ఇంతవఱకు చెప్పినవి లోహమునకు, గాజునకు సంబంధించిన దోషములు. యంత్రమునకిచ్చు నాజ్ఞలలోనే దోషముండవచ్చునను సంగతి కొంత యాలస్యముగా బోధపడెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ నిర్మించిన ఎడ్సాక్ యంత్రము 1949 మే నెలలో మొదటి లెక్క చేసెను. ఆ దినములలోనే విల్క్స్ తాను వ్రాసిన యాజ్ఞావళిని సరిచూచుకొనుచు, మెట్లెక్కి దిగుచు, తన శేషజీవితమున మంచి భాగము తన తప్పులు తాను వెదకుకొనుటకే సరిపోవునని గ్రహించెనట. ఆనాటి ఆజ్ఞావళి యొకటి తరువాత దొరకగా, 126 పంక్తులలో సుమారు 20 తప్పులు లెక్క తేలెను. వ్రాసినవాడు సామాన్యుడు కాడు. వ్రాయసకాని ప్రతిలో తప్పులుండుట మనకు క్రొత్తయా? సీ.పీ. బ్రౌను ఆంధ్ర గ్రంథములను పరిష్కరింపజేయునప్పుడు పెక్కు ప్రతులను తెప్పించి పండితులచే పోల్పించెను గదా.

ఇక యంత్రపు జ్ఞాపకశక్తి, అనగా మెమరీ, సంగతి. దీనిని బోధించుటకు మన ఛందశ్శాస్త్రముకంటె మేలైన దారి నాకు కనబడదు. పద్యమునందు అక్షరము గురువైన గావలెను, లఘువైన గావలెను, మూడవది లేదు. కంప్యూటరు మెమరీలోను ప్రతి స్థానమునందు ఒకటియో సున్నయో యుండును, మూడవది లేదు. ఎనిమిది స్థానములు చేరిన దానిని బైటు అందురు. ఎనిమిది స్థానములలో గురు లఘువులను మార్చి మార్చి ప్రస్తారము చేసిన 256 భేదములు వచ్చును. అనుష్టుప్ ఛందమునకు వృత్తములు 256 అని మన లక్షణగ్రంథములు చెప్పునది ఈ లెక్కయే. ఇట్టి స్థానములు నేటి గృహ యంత్రమున వేల కోట్లున్నవి. వానిలో నొక గురువు తనంత తాను లఘువైన నేమగును? అది చిత్రములోని యొక చుక్క యైనచో రంగు రవంత మాఱును, ఎవరును కనుగొనరు. ఆజ్ఞలోని యక్షరమైనచో యంత్రము కుప్పకూలును.

తనంత తానెట్లు మాఱును? 1978లో ఇంటెల్ సంస్థవారి మెమరీ చిప్పులలో నిట్టి వింత దోషము కనబడెను. ఒకసారి తప్పు చూపిన స్థానము మఱల పరీక్షించిన నిర్దోషముగా నుండెను. తప్పు పునరావృత్తి కాకపోయిన వెదకువానికి పట్టు దొరకదు. టిమొతీ మే, మర్రే వుడ్స్ అను నిరువురు పట్టు విడువక వెదకి, చిప్పునకు తొడుగుగా వేసిన పింగాణి వంటి పదార్థమున యురేనియము, థోరియము అత్యల్పముగా కలిసియున్నవని కనుగొనిరి. వానినుండి వెడలు ఆల్ఫా కణము చిప్పులో దూఱి, అచ్చట నిలువయున్న విద్యుత్తును తాఱుమాఱు చేయుచుండెను. దోషము చిప్పులో లేదు, ఆజ్ఞలోను లేదు. పై తొడుగులో నున్నది. మఱుసటి సంవత్సరము, 1979లో, జీగ్లర్, లాన్‌ఫోర్డ్ అను శాస్త్రజ్ఞులు అంతరిక్షమునుండి వచ్చు కిరణముల వలనను ఇట్టి మార్పు జరుగవచ్చునని వ్రాసిరి.

దీనికి సంబంధించి బెల్జియము దేశమున నొక విచిత్రము జరిగినది. 2003 మే 18వ తేదీ ఎన్నికలలో, బ్రసెల్సు నగరమున షార్‌బేక్ అను భాగమునందు, ఒక అభ్యర్థికి సాధ్యమైనన్నింటికంటె ఎక్కువ ఓట్లు వచ్చినట్లు యంత్రము చూపెను. మఱల లెక్కింపగా నెక్కువ వచ్చినవి సరిగా 4096. మాకు ఛందస్సు చెప్పిన గురువుగారు జీవించియుండిన ఆ సంఖ్య వినగనే ముక్కుమీద వ్రేలు వేసికొని యుందురు. పండ్రెండక్షరముల జగతీ ఛందమునకు వృత్తములు 4096. అనగా రెండును పండ్రెండు మాఱులు హెచ్చవేసిన ఫలము. ఇది చూచినంతనే పరీక్షకులు, 13వ స్థానమునందలి సున్న ఒకటిగా మాఱినదని తేల్చిరి. మార్చినది అంతరిక్షకిరణమని లోకము చెప్పుకొనును గాని, దాని జాడ మిగులదు గనుక నిరూపించుట పొసగదు. తప్పు అసాధ్యమైన సంఖ్యగా బయలుపడుటచే పట్టుబడినది.

తప్పును పట్టునట్టి ఏర్పాటు పద్యమునందు పూర్వమే గలదు. వ్రాయసకాడు యతి ప్రాసల స్థానములందు అక్షరము మార్చినచో యతి చెడవచ్చును, లేదా ప్రాస చెడవచ్చును. చదువరి అచ్చట ఆగును. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ గృహములకును కార్యాలయములకును పనికివచ్చు చిన్న కంప్యూటరు నమ్మకమునకు తెచ్చినప్పుడు, అందును యతివంటి దొకటి పెట్టిరి. ఎనిమిది స్థానములకు తొమ్మిదవది సాక్షిగా చేర్చి, ఒకటుల సంఖ్య సరియా బేసియా యని చూచుకొనుచు, తప్పినచో పని నాపి చెప్పునట్లు చేసిరి. దీనికి ప్యారిటీ యని పేరు. 1990 తరువాతి దశాబ్దమున, వెల తగ్గించుటకై, గృహ యంత్రములలో నీ తొమ్మిదవ సాక్షిని తఱచుగా తొలగించిరి. బ్యాంకులు మొదలగువారి పెద్ద యంత్రములలో సాక్షి నిలిచెను. మన యిండ్లకు వచ్చినవానిలో పోయెను. నా యభిప్రాయమున గృహస్థునకు జరిగిన నష్టములలో నిది పెద్దది. అక్షరము తప్పినను యంత్రమునకే తెలియదు. అది కొంత దూరము తప్పుదారిని నడచి, సంబంధములేని మఱొకచోట కూలును. చూచువారు కూలినచోటనే దోషమున్నదనుకొందురు.

ఆ ఐ.బి.ఎం. యంత్రమునందే, కూలినదానిని మఱల లేపుటకు మూడు మీటలను ఒక్కసారి నొక్కు పద్ధతిని డేవిడ్ బ్రాడ్లీ అను ఇంజనీరు ఏర్పఱచెను: కంట్రోలు, ఆల్టు, డిలీటు. చేయి తగిలి పొరపాటున జరుగరాదనియే మీటలను దూరముగా నేర్పఱచెను. వ్రేలు తప్పుట మానవసహజమని నిర్మించినవారికే తెలియును.

1993లో విండోసు ఎన్.టి. వచ్చినప్పటినుండి, కూలిన యంత్రము నీలి తెరను చూపి, దానిమీద అర్థముగాని సంఖ్యలు వ్రాయుట పరిపాటి యయ్యెను. (2025లో మైక్రోసాఫ్టువారు ఆ నీలిని నలుపు చేసిరి.) 1998 ఏప్రిలు 20వ తేదీన షికాగో నగరమున పెద్ద సభలో, బిల్ గేట్సు వేదికమీద నుండగా, ఆయన సహచరుడు విండోసు 98ను ప్రదర్శించుచు ఒక స్కానరును తగిలించెను. వెంటనే వేలమంది యెదుట నీలి తెర వచ్చెను. ఆ వేదికమీద తాతగారెవరును లేరు.

ఇక లోహదోషములలో మన యిండ్లకు మిక్కిలి సమీపమైనది కెపాసిటర్ల కథ. యంత్రపు ప్రధాన పలకమీద చిన్న చిన్న డోళ్లవలె నిలిచియుండు అల్యూమినియపు గొట్టములివి. విద్యుత్తు హెచ్చుతగ్గులను సమము చేయుట వాని పని. చెఱువు వాననీటిని నిలిపి కాలువకు సమముగా విడిచినట్లు. లోపల నొక ద్రవముండును. సుమారు 1999 మొదలు 2007 వఱకు తయారైనవానిలో పెక్కింట ఆ ద్రవము సరిగా చేయబడలేదు. కొంతకాలమునకు లోపల వాయువు పుట్టి, గొట్టపు తల పూరీవలె ఉబ్బి, పగిలి, గోధుమరంగు జిగురు కారును. పలకకు సమమైన విద్యుత్తు అందక యంత్రము ఒకనాడు పని చేయును, ఒకనాడు కూలును, ఒకనాడు లేవనే లేవదు. ఇట్టి యస్థిరరోగము గృహస్థుని మిక్కిలి బాధించును. పొరుగువాని పిలుచుకొని వచ్చునప్పటికి యంత్రము చక్కగా నడచును.

డెల్ సంస్థ 2003 మే మొదలు 2005 జులై వఱకు పంపిన యంత్రములలో కనీసము 1 కోటి 18 లక్షలకు ఈ యపాయముండెనని, ఒక వ్యాజ్యపు పత్రములు 2010లో బయలుపడినప్పుడు తెలిసినది. అప్పుడు న్యూయార్క్ టైమ్సు పత్రిక వ్రాసిన యొక సంగతి గణితము చెప్పిన నాకు మఱపునకు రాదు. టెక్సాసు విశ్వవిద్యాలయపు గణితశాఖలో యంత్రములు వరుసగా చెడిపోగా, అమ్మినవారు పరీక్షించి, మీరు కఠినమైన లెక్కలు చేయించి యంత్రమును అలసటపెట్టితిరి, అదియే కారణమని చెప్పిరట. కంప్యూటరు అను మాటకే లెక్కించునది యని యర్థము. నాగలి దున్నుటచే అలసినదని ఏ వడ్రంగియైన చెప్పునా?

దీనికి ప్రతిగా, నేరము కొన్నవానిదియు గాక, చేసినవానిదియు గాక, నడుమ అమ్మినవానిదైన కథ యొకటి. మైక్రోసాఫ్టులో పని చేసిన రేమండ్ చెన్ 2005లో దీనిని వ్రాసెను. కూలిన యంత్రములనుండి వారి సంస్థకు చేరు నివేదికలను పరిశీలించుచుండగా, ఒకానొక నివేదికలో యంత్రము "ఈ సంఖ్యను సున్న చేయుము" అను నాజ్ఞయొద్ద కూలినట్లుండెను. దానికంటె సులభమైన యాజ్ఞ లేదు. అది తప్పుటకు తావే లేదు. అట్టి నివేదికలు మఱికొన్ని దొరకెను. యజమానులకు వ్రాసి విచారింపగా, ఆ యంత్రముల ప్రాసెసర్లు నిర్ణీత వేగముకంటె ఎక్కువ వేగమున నడుపబడుచున్నవని తేలెను. కొందఱు తెలిసియే చేసికొన్నారు. కొందఱికి ఆ సంగతియే తెలియదు. చిన్న దుకాణములవారు తక్కువ వెల ప్రాసెసరు పెట్టి, వేగము పెంచి, ఎక్కువ వేగముగలదని చెప్పి అమ్మియుండిరి. పాలలో నీళ్లు కలిపినవాని నేరము ఆవుమీద పడినట్లు, అంతకుముందు నిందయంతయు విండోసుమీద పడుచుండెను.

మా యింటి యంత్రము సంగతి యిచ్చట చెప్పుట యుక్తము. అందు నేను మా గ్రామ కైఫీయతునకు వ్యాఖ్య వ్రాసికొనుచుంటిని. నూట నలుబది పుటలైనవి. యంత్రము వారమునకు రెండు మూడు మాఱులు కూలసాగెను. బస్తీలోని యొక దుకాణమువారు, లోపలిదంతయు తుడిచి విండోసు మఱల వేయవలెననిరి. వ్రాసినది వేఱుగ నెత్తి పెట్టక తుడువనీయనంటిని. మొదట ఆ పుటలన్నిటిని ఒక పెన్‌డ్రైవులోనికి ఎత్తికొంటిని. యంత్రము కూలుచున్నదని తెలిసినవారు చేయవలసిన మొదటి పని యిదియే. వైద్యము దాని తరువాత. పిమ్మట ఒక పుస్తకము పెట్టి, కూలిన తేది, గంట, అప్పుడు తెఱిచియున్న పనులు, ఎండ, కరెంటు హెచ్చుతగ్గులు వ్రాసికొంటిని.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని గలవు. ఇది యున్నచో అది యుండును, ఇది లేనిచో అది లేదు; రెండును చూపినగాని కారణము సిద్ధింపదు. ఒక్కసారి నాలుగు మార్పులు చేసినవానికి వ్యతిరేకము దొరకదు. కావున ఒక్కొక్కటిగా చేసితిని. ఫ్యానులోని దుమ్ము దులిపించితిని, కూలెను. పొరుగింటివారి యూపీయస్ తెచ్చి వారము దినములు దానిమీద నడిపితిని, కూలెను. పుస్తకము తిరగవేయగా గంటతోను ఎండతోను సంబంధము కనబడలేదు. పెక్కు పనులు ఒక్కసారి తెఱిచినప్పుడే కూలుచున్నట్లు కనబడెను. పనులు పెరిగినకొలది మెమరీలో అంతవఱకు ముట్టని స్థానములు వాడుకలోనికి వచ్చును గదా. మెమ్‌టెస్ట్ 86 అను పరీక్షను క్రిస్ బ్రేడీ 1994లో తయారుచేసెను. అది మెమరీ యందలి ప్రతి స్థానమునను గురులఘువులను ప్రస్తారించినట్లు వ్రాసి, మఱల చదివి, వ్రాసినది వ్రాసినట్లున్నదా యని చూచును. రాత్రియంతయు నడిపితిని. తెల్లవారునప్పటికి తెరమీద ఎఱ్ఱని పంక్తులు నిండియుండెను. యంత్రమున ర్యాము పలకలు రెండు. మొదటిదానిని మాత్రముంచి నడుపగా తప్పు లేదు. రెండవదానిని మాత్రముంచగా తప్పులు. రెండవదానిని వేఱొక గాడిలో పెట్టగా అప్పుడును తప్పులు. గాడి నిర్దోషి, పలకయే దోషి. క్రొత్త పలక వేసిన తరువాత కైఫీయతు పూర్తియైనది.

ఇది నా యొక్కని యనుభవము గాదని పెద్ద లెక్కలే చెప్పుచున్నవి. గూగుల్ సంస్థ తన యంత్రములను రెండున్నర సంవత్సరములు పరీక్షించి 2009లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఏడాదిలో నూటికి ఎనిమిదికి మించిన మెమరీ పలకలు తప్పులు చూపెను. అందు ఆకాశమునుండి వచ్చినవాని కంటె పలకలోనే నిలిచియున్న దోషములే యెక్కువ. 2011లో మైక్రోసాఫ్టు పరిశోధకులు నైటింగేల్ మొదలగువారు సుమారు పది లక్షల గృహ యంత్రముల నివేదికలను శోధించిరి. ఎనిమిది నెలలలో మొత్తముమీద ముప్పది దినములైన పని చేసిన యంత్రములలో, ప్రాసెసరు సంబంధమైన దోషముచే కూలునవి 190కి ఒకటి. ఒకసారి కూలినదానికి మఱల కూలు సంభావ్యత సుమారు మూటికొకటి. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అంతవఱకు యంత్రము కూలిన, దోషమంతయు ఆజ్ఞావళిదే యని భావించుట వాడుక. మాటిమాటికి కూలునది యాదృచ్ఛికముగా కూలుట లేదని, లోహము రోగగ్రస్తమై యుండవచ్చునని ఈ లెక్క చూపినది. ఒకసారి కూలిన దులిపి లేపి పని చేసికొనవచ్చును. రెండవసారి కూలిన పుస్తకము పెట్టవలెను. విండోసు 2007 మొదలు తానే యట్టి పుస్తకము నుంచుచున్నది. రిలయబిలిటీ మానిటర్ అని వెదకిన, ఏ దినమున నేది కూలినదో ఎఱ్ఱ గుఱుతులతో కనబడును. ర్యాము పరీక్షయు అందే యున్నది. చూచుటకు ధనమక్కఱలేదు. విద్యుత్తు నిచ్చు ఇనుప పెట్టెను మాత్రము విప్పరాదు. తీగ లాగిన తరువాతను అందు ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును.

యంత్రము తానిచ్చు వాఙ్మూలమును కూడ నమ్మరాదనుటకు 2024లోని కథ సాక్ష్యము. ఇంటెల్ వారి పదుమూడవ, పదునాలుగవ తరపు ప్రాసెసర్లు గల యంత్రములలో ఆటలాడువారికి, చిత్రములు చూపు మెమరీ చాలలేదని చెప్పి యాట కూలుచుండెను. జనులు ఆ మాట నమ్మి చిత్రపు కార్డులను మార్చిరి, ఆట తయారుచేసినవారిని దూఱిరి. చిత్రపు కార్డులో నే దోషమును లేదు. ప్రాసెసరు లెక్క తప్పుచుండెను. ఆ తప్పు లెక్కను చూచి కార్డు సంగతి యబద్ధముగా చెప్పబడుచుండెను. ఆటల వస్తువులను విప్పు ఆజ్ఞావళి వ్రాసినవారు ఈ సంగతి ముందుగా చాటిరి. ప్రాసెసరు వలసినదానికంటె హెచ్చు వోల్టేజిని కోరుచున్నదని, అందుచే లోపలి మార్గములు క్రమముగా చెడుచున్నవని ఇంటెల్ ఆ యేడు జులైలో నొప్పుకొని, ఆగస్టులో దిద్దుబాటు విడుదల చేసి, హామీని మఱి రెండు సంవత్సరములు పొడిగించెను. అప్పటికే చెడినవానిని ఆ దిద్దుబాటు బాగుచేయలేదు.

అదే సంవత్సరము జులై 19వ తేదీ శుక్రవారమున, ఎవరును ఏ మీటయు నొక్కకయే, లోకమున సుమారు 85 లక్షల విండోసు యంత్రములు కొలది గంటలలో కూలెను. ఇవి చాలవఱకు గృహ యంత్రములు గావు. కార్యాలయములవి, విమానాశ్రయములవి, వైద్యశాలలవి. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ, దొంగలనుండి యంత్రములను కాచుటకై పంపిన క్రొత్త దస్త్రమే కారణము. లేపిన కొలది అవి మఱల కూలుచుండెను. సేఫ్ మోడ్ అను కనీసపు స్థితిలో లేపి, ఆ యొక్క దస్త్రమును తొలగింపవలసి వచ్చెను. అదియు పెక్కుచోట్ల ఒక్కొక్క యంత్రమునొద్దకు మనిషి పోయి చేయవలసి వచ్చెను. ఆ దినమున మన హైదరాబాదు విమానాశ్రయమున సిబ్బంది కలము పట్టి ప్రయాణికుల పేర్లు చేతితో వ్రాసి విమానపు చీటీలిచ్చిరి.

ఆగస్టులో ఆ సంస్థ ప్రకటించిన కారణము నాకు మిక్కిలి పరిచితముగా తోచెను. వారి యాజ్ఞావళియందు ఇరువదియొక్క విలువలకు గదులేర్పఱచి, అందించుచోట ఇరువది మాత్రమే యిచ్చుచుండిరి. చాలకాలము ఆ తుది గదిని అడిగినవారు లేక నడచిపోయెను. ఆనాటి దస్త్రము దానిని అడిగెను. చంపకమాలకు పాదమునకు ఇరువదియొక్క యక్షరములు, ఉత్పలమాలకు ఇరువది. ఉత్పలమాల పాదము చేతిలో పెట్టుకొని చంపకమాలగా చదువబోయినవాడు తుదియందు లేని యక్షరమును వెదకినట్లు, యంత్రము ఇరువదియొకటవ దాని కొఱకు తనది కాని చోటికి చేయి చాచి, అచ్చట కూలెను.